అక్క బుట్టెక్కిన ఆదివారం

నాకెందుకండీ అభినందనలు, డాక్టరమ్మగారూ? నేనేం ఘనకార్యం చేశానని? మూడు రోజులుగా ఇదే వరస. పాలావిడ చెప్పింది, ఎదురింటావిడ చెప్పింది, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా! "మీ అక్కగారు బయటికొచ్చారటగా, ఇంక మీకు విడుదలే" అంటాడు. విడుదలట! వాడి నోట్లో నా పళ్ళ మైనం ముద్ద పెట్ట!

కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ వద్దు, చీరకి ప్లాస్టర్ అంటుకుంటే పోదు. ఇదిగో, ఈ స్టూలు లాక్కోండి. ఆ రిటైర్డు జడ్జిగారి పై పళ్ళ సెట్టు అయిపోయింది, డబ్బాలో పెట్టాను. తీసుకెళ్ళండి.

దానికోసం రాలేదా? తెలుసండీ. పళ్ళకోసమైతే మీ కాంపౌండరు వచ్చేవాడు. ఇంత దూరం మీరే వచ్చారంటే జవాబు కోసం వచ్చారు.

చెప్తాను. కాకపోతే ముందు ఆదివారం సంగతి వినండి. ఫోన్లలో తిరుగుతోందే, ఆ వీడియో, మీరూ చూసే ఉంటారు. చూశారా? అందులో ఉన్నది చిటికెడేనండీ. అసలు కథ దాని ముందుంది, దాని తర్వాత ఉంది.

మా అక్క లెక్కల టీచరు, తెలుసుగా. పిల్లలు హడలిపోయేవాళ్ళు. అంత గట్టి మనిషి, ఓరోజు స్కూలు నుంచి వస్తూ పెద్దరోడ్డు దాటబోయి, సరిగ్గా నట్టనడుమ ఆగిపోయింది. కాళ్ళు రాలేదట. ముందుకీ రాలేదు, వెనక్కీ రాలేదు. లారీ వచ్చి జానెడు దూరంలో ఆగింది. ఆ డ్రైవరు నానా తిట్లూ తిట్టి, తర్వాత జాలిపడి తనే దిగి, చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చాడు.

అంతే. ముందు పెద్దరోడ్డు మానేసింది. తర్వాత వీధి. తర్వాత గేటు. ఆఖరికి ఈ గడప దాటడం కూడా మానేసింది. వీధిలో పిల్లలు 'గడపక్క' అని పేరు కూడా పెట్టారు. ఆవిడకీ తెలుసు. నవ్వేది.

డాక్టర్లా? చూపించకుండా ఉంటానా? ఒకాయన మందులిచ్చాడు, ఒకావిడ వచ్చి మాట్లాడింది. కొన్నాళ్ళు గుమ్మం దాకా వచ్చేది, మళ్ళీ వెనక్కి. నేనప్పుడు నగరంలో పెద్ద ల్యాబులో పని చేస్తున్నా. పళ్ళ సెట్ల మీద నా చెయ్యి పడితే ఇంక తిరుగులేదనేవాళ్ళు. వారం రోజులకని వచ్చానండీ. మూడు జతల బట్టలు తెచ్చుకున్నా. ఆ వారం పదేళ్ళు దాటింది, ఇంకా అవలేదు!

ఈ ముందుగదిలోనే బల్ల వేసుకున్నా. మీలాంటి నలుగురు డాక్టర్లు పళ్ళ అచ్చులు పంపించారు. అదే జీవితం. ఊళ్ళో సగం మంది ముసలాళ్ళ నవ్వులు ఈ బల్ల మీద తయారైనవే, నాకు మాత్రం నవ్వే తీరికుండేది కాదు.

ఇంతలో వచ్చి పడ్డాయి ఈ బెలూన్లు.

మూడు రోజుల సెలవలు కలిసొచ్చాయని ఊరిబయట మైదానంలో, మనుషుల్ని బుట్టలో ఎక్కించుకుని ఎగిరే పెద్ద బెలూన్ల పండుగ పెట్టారుగా. శుక్రవారం పొద్దున్నే మా డాబాల మీదుగా పోయాయి. అబ్బా, ఏం చప్పుడండీ! నెత్తిన ఎవరో 'భుస్సు' మని ఊదినట్టు. కుక్కలన్నీ ఒక్కసారి మొదలెట్టాయి. శనివారం గాలి పడిపోయిందట, మైదానం దాకా వెళ్ళలేక ఒకటి స్కూలు గ్రౌండులో దిగింది, ఇంకోటి ఫంక్షన్ హాలు కార్లు పెట్టుకునే చోట దిగింది. వీధి వీధంతా పరుగే. చంటిపిల్లని చంకనేసుకుని ఒకావిడ, గెడ్డం సగమే గీసుకుని సబ్బు మొహంతో ఒకాయన!

నేను వెళ్ళలేదు. ఎలా వెళ్తాను? అక్క కిటికీ ఊచలు పట్టుకుని "ఏ రంగుదే? ఎంతమంది ఉన్నారే అందులో?" అని అడుగుతుంటే, ఆవిణ్ణి వదిలేసి నేను తమాషా చూడ్డానికి పోతానా? నాకేం కనిపిస్తోందక్కా, నీకు కనిపించేదే నాకూను అన్నాను. కాస్త విసుగ్గానే అన్నాలెండి.

ఆదివారం మాత్రం మన వాకిట్లోకే వచ్చింది. ఎదురింటి పక్కన ఖాళీ జాగా లేదూ, ఎవరో పునాదులు తవ్వి వదిలేశారే, అందులోకి. నేను అప్పుడే ప్లాస్టర్ కలిపాను. మీకు చెప్పేదేముంది, కలిపాక ఆగదు కదా, గట్టిపడిపోతుంది. గబగబా అచ్చులో పోస్తున్నా. బయట "తాడు! తాడు పట్టుకోండి! ఎవరైనా రండి!" అని ఒకటే కేకలు. తలెత్తి చూస్తే కిటికీ దగ్గర అక్క లేదు.

వంటింట్లో ఉందేమో అనుకున్నా. చూస్తే వీధి తలుపు బార్లా తీసుంది.

 రెండు చేతులకీ ప్లాస్టరు, అలాగే పరిగెత్తా. ఆ జాగాలో బెలూన్ కింద బుట్ట నేలని తాకుతోంది, మళ్ళీ లేస్తోంది, మా వీధిలోనే ఉండే రిటైర్డు పోస్టుమాన్ తాతయ్య ఒక తాడు పట్టుకుని ఈడ్చుకుపోతున్నాడు. ఆయన వెనకాల ఎవరనుకున్నారు? మా అక్క! కాళ్ళకి చెప్పుల్లేవు. కొంగు నడుముకి బిగించింది. తాడుకి వేలాడి, స్కూల్లో పిల్లల్ని కేకలేసినట్టు కేకలేస్తోంది. "అందరూ ఒక్కసారి లాగండి! ఒక్కసారి!"

నన్ను చూసింది. "చూస్తావేంటే గుడ్లప్పగించి? పట్టుకో!" అంది.

పట్టుకున్నా. ఏం చేస్తాను?

బుట్ట నిలబడ్డాక ఆ బెలూన్ నడిపే కుర్రాడు దండాలు పెట్టాడు. బెలూన్ ఎత్తుకెళ్ళే వాళ్ళ బండి వచ్చేలోపు పిల్లల్ని ఇద్దరేసి ఎక్కించి, తాళ్ళు మా చేతిలో ఉండగానే డాబా ఎత్తుకి లేపి దించుతానన్నాడు. పిల్లలు భయపడి వెనక్కి పోయారు. "నేనెక్కుతా" అంది అక్క.

అదేనండీ మీరు చూసిన వీడియో. అక్క పైకి లేస్తోంది, అందరూ చప్పట్లు. పైనుంచి ఏమరిచిందో వినపడిందా మీకు? "మన వాటర్ ట్యాంకుకి మూత లేదే! పదేళ్ళుగా ఈ నీళ్ళేనా మనం తాగుతోంది?" అంది. అందరూ విరగబడి నవ్వారు.

నేను నవ్వలేదు. కింద తాడు పట్టుకున్నా. ఇదిగో చూడండి, అరచేయి ఎలా కమిలిపోయిందో. అందరూ నేను ఆనందంతో ఏడుస్తున్నాననుకున్నారు. ఎదురింటావిడైతే కళ్ళు కూడా తుడిచింది. ఏ ఆనందమండీ? నాకు ఒళ్ళు మండిపోతోంది! గేటు దాటలేని మనిషి గాల్లోకి దాటేసింది. మరి నేను? నేనెందుకున్నట్టు ఇక్కడ ఇన్నాళ్ళూ?

అప్పుడొకటి గమనించాను. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు గానీ పోస్టుమాన్ తాతయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. అక్క బుట్ట దిగుతుంటే చెయ్యందించి, "నిన్న రాలేదేం అమ్మా?" అన్నాడు.

నిన్న రాలేదేం!

ఇంటికొచ్చాక తలుపేసి అడిగాను. ఎప్పట్నించి? అక్క కాళ్ళు కడుక్కుంటోంది. నీళ్ళు పోసుకుంటూనే చెప్పింది. రెండేళ్ళ నుంచట. నేను మీ క్లినిక్‌కి సెట్లు ఇవ్వడానికి వెళ్ళే శనివారాల్లో, ముందు గేటు దాకా, తర్వాత తాతయ్య ఇంటి దాకా, తర్వాత కూరల బండి దాకా. తాతయ్యే పక్కన నడిచేవాడట. మొన్న శనివారం సెలవని నేను ఇల్లు కదల్లేదు కదా, అందుకే ఆవిడా వెళ్ళలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకుంది.

నేను కేకలేశాను. ఏమేమి అన్నానో నాకే గుర్తులేదు. నన్ను బుట్టలో వేశావు కదే అన్నాను. నా వయసంతా ఈ గదిలో పోసి గట్టిపెట్టేశావు అన్నాను. నా పెళ్ళి మాటలు, నా ఉద్యోగం, అన్నీ నీ గడప కింద పాతిపెట్టావు అన్నాను. అక్కని 'ఒసే' అన్నానండీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

అక్క మెల్లిగా తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంది. "చెప్దామనే అనుకున్నానే" అంది. "కూరల బండి దాకా వెళ్ళొచ్చిన రోజే చెప్దామని కూర్చున్నా. ఆ సాయంత్రం నువ్వు డాక్టరమ్మ దగ్గర్నించి వచ్చావు. నగరంలో కొత్త క్లినిక్కట, ల్యాబంతా నా చేతిలో పెడతానంది, ఇల్లు కూడా చూస్తానంది అని చెప్పావు. వెళ్తావా అనడిగా. నిన్ను వదిలి ఎలా వెళ్తానక్కా అన్నావు."

"అనకపోతే ఏమంటాను?" అన్నా.

"మాట సరేలే. నీ మొహం చూశాను నేను" అంది. "బడికి సెలవని చెప్తే పిల్లల మొహం ఎలా విప్పారుతుందో నాకు తెలుసు కదే. పదిహేనేళ్ళు చూశాను. అలా ఉంది నీ మొహం. నీకు నేను సాకునని అప్పుడర్థమైంది. ఉన్న ఒక్క సాకూ నేను లాగేసుకుంటే నువ్వేమైపోతావోనని ఊరుకున్నా."

వింటున్నారా? నా కోసం ఊరుకుందట! నేను ఆవిడ కోసం ఉండిపోయాననుకుంటే, ఆవిడ నా కోసం లోపల ఉండిపోయిందట! ఎవరికి చెప్పుకోమంటారు?

మరి ఆదివారం ఎందుకు వెళ్ళావు, దాచుకునేదానివి దాచుకోక? అంటే, "తాతయ్య ఈడ్చుకుపోతున్నాడే! ఆ వయసులో పడితే తుంటి విరగదూ? నీ మొహం సంగతి ఆలోచించేంత టైమెక్కడుంది?" అంది.

సోమవారం వచ్చింది. ఆవిడ వండింది, నేను తిన్నాను, గిన్నెలు మాత్రం మాట్లాడాయి.

తర్వాత నాకు పౌరుషమొచ్చింది. సాకేంటి, నేను సాకులు చెప్పే మనిషినా? నిన్న పొద్దున్నే బ్యాగు సర్దాను. నగరంలో డాక్టరమ్మ కొత్త క్లినిక్ చూసి, సరేనని చెప్పి, ఇల్లు కూడా చూసుకునే వస్తాను, చూడు అని అక్కకి చెప్పి మరీ బయల్దేరాను. ఆవిడ గుమ్మం దాటి, గేటు దాటి, వీధి చివర దాకా నాతో నడిచొచ్చి పంపించింది. ఆ వీధిలో మేమిద్దరం పక్కపక్కన నడిచి ఎన్నాళ్ళయిందో!

లేదండీ, రాలేదు. మీ దగ్గరికి నేను రాలేదు. వస్తానని ఫోన్ చేశాక మీరు ఎదురుచూస్తారని తెలియక కాదు.

బస్టాండులో కూర్చున్నాను. నగరం బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. కండక్టరు నన్నే చూస్తూ "అమ్మా, వస్తారా?" అన్నాడు. లేవాలనే అనుకున్నా. అనుకుంటూనే ఉన్నా. ఆ ల్యాబులో నా కింద పనిచేసే పిల్లలు ఎలా ఉంటారో, కొత్త మిషన్లట కదా, కంప్యూటర్లో పళ్ళు గీస్తారట కదా, నాకొచ్చింది ఈ మైనమూ ఈ కత్తీనే. సాయంత్రం తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండరు. అన్నానికి ఎవరూ పిలవరు. ఇవన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. కాళ్ళు రాలేదు డాక్టరమ్మగారూ. పెద్దరోడ్డు మధ్యలో మా అక్కకి ఏమైందో అప్పటిదాకా నాకు నిజంగా తెలీదు.

మీరు అలా చెయ్యి పట్టుకోకండి. పూర్తిగా చెప్పనివ్వండి.

బస్సు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయాక నాకేమనిపించిందో తెలుసా? ఏడుపు రాలేదు. హాయిగా ఉందండీ. వేసవిలో చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకున్నట్టుగా ఉంది. అక్కడే సోడా తాగి ఇంటికొచ్చేశా. అక్క ఏమీ అడగలేదు. కంచం పెట్టింది. అడిగినా బాగుండేది.

మీరు అడగొద్దు. వచ్చే నెలా, పై నెలా అంటే నేను మళ్ళీ ఏదో ఒకటి చెప్తాను. పండగ సీజన్ అంటాను, నడుము నొప్పంటాను. నా దగ్గర సాకులకి లోటా? పదేళ్ళుగా ఒకటే వాడాను, మిగతావన్నీ కొత్తగానే ఉన్నాయి.

రైలు గేటు దగ్గర ఒకమ్మాయి ఉంది, నా దగ్గరే పని నేర్చుకుంది. చెయ్యి మంచిది. నాకంటే ధైర్యముంది. ఆ పిల్లని తీసుకెళ్ళండి, నంబరిస్తాను.

అక్కా? లేదు, ఇంట్లో లేదు. స్కూల్లో సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్తానని అడగడానికి వెళ్ళింది. ఒక్కతే వెళ్ళింది. పెద్దరోడ్డు దాటే.

వెళ్ళొస్తారా? మంచిది. మీ వాళ్ళు అడుగుతారుగా, ఆవిడెందుకు రాలేదని. చేతకాలేదని చెప్పండి, భయపడిందని చెప్పండి, మీకేం తోస్తే అది చెప్పండి. అక్క కోసం ఉండిపోయిందని మాత్రం చెప్పకండి.