ఎంత అడగమంటవక్కా

తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్. అమల అక్కడ ఆఫీసు పని చూస్తుంది, జ్యోతిర్మయి కెమిస్ట్రీ చెబుతుంది. సాయంత్రం సెంటర్ వదిలాక ఇద్దరూ యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డు మీద నడుస్తున్నారు.

"మెల్లగ నడువు జ్యోతీ, నాకు ఆయాసమొస్తున్నది. ఏమైంది నీకియ్యాల? మధ్యాహ్నం సంది మూతి ముడుచుకొని ఉన్నవ్."

"రత్నాకర్ సార్ జీతం ఎంతక్కా?"

"రత్నాకర్‌దా? ఆయన జీతం తోని నీకేం పని?"

"చెప్పు. జీతాలు వేసేది నువ్వే కదా."

"ఒకళ్లది ఒకళ్లకు చెప్పొద్దు పిల్లా. సెంటర్ నడిపే బాలస్వామి సార్‌కు తెలిస్తే ఊకోడు."

"నువ్వు చెప్పకులే. రత్నాకర్ సారే చెప్పిండు. స్టాఫ్ రూంల కూసోని, ముప్పై ఎనిమిది వేల తోని హైదరాబాద్‌ల ఎట్ల బతకాలె మేడమ్ అని మొర పెట్టుకున్నడు. నాతోని, అక్కా! ఇరవై ఆరు తీసుకునేదాని తోని!"

"ఆయనకు ఇద్దరు పిల్లలు..."

"నాకు అమ్మ లేదా? తమ్ముని చదువు లేదా? ఇద్దరం ఒక్క దినమే చేరినం. ఒక్కటే సబ్జెక్ట్. ఆయనది ఎమ్మెస్సీ, నాది పీహెచ్‌డీ. ఆయనకు రాని చాప్టర్లు సుత నాకే ఏస్తరు."

"సరే, అడుగుదాం. జర అడ్మిషన్లు కానీ."

"పోయినసారి రిజల్ట్స్ రానీ అన్నవ్. అంతకుముందు పరీక్షలు కానీ అన్నవ్."

"మగోళ్లు చేరేటప్పుడే కొట్లాడి అడుగుతరే. అక్కడనే తేడా."

"మరి నేనెందుకు కొట్లాడలే?"

"నాకేం ఎరుక?"

"నీకెరుక లేదా?"

"పక్కకు జరుగు, బండొస్తున్నది."

"ఇంటర్వ్యూకు ముందు అంబర్‌పేట్ల నీ ఇంట్లనే కదా ఉన్న. ఎంత అడగమంటవక్కా అన్న నిన్ను. ఇరవై ఆరు అడుగు, పైకి పోకు, ఆడపిల్ల ఎక్కువ అడిగితే నోరు పెద్దది అనుకుంటరు అన్నవ్."

"నీ మంచికే చెప్పిన. హాస్టల్ ఖాళీ చేసి వచ్చినవ్, చేతిల రూపాయి లేకుండె. నౌకరి చెయ్యి జారుతదేమోనని భయపడ్డ."

"ఆ భయం నాకుండాలె. నీకెందుకుండె? సార్ ఎంత ఇద్దామనుకున్నడో నీకు చెప్పలేదా?"

"చాయ్ తాగుదామా? గీడ మంచిగుంటది."

"అక్కా."

"తల నొస్తున్నదే నాకు."

"అమలక్కా. చెప్పిండా, లేదా?"

"చెప్పిండు."

"ఎంత?"

"ముప్పై ఎనిమిది. ఇద్దరికీ అదే అన్నడు."

"మరి నాకెందుకు..."

"ఆగు, నన్ను చెప్పనియ్యి. మధ్యల ఆపితే మళ్ల చెప్పలేను. అప్పుడు నా జీతం ముప్పై. సెంటర్ తెరిచిన కాడి సంది నేనున్న. ఊడ్చే మనిషి రాకపోతే ఊడ్చిన. ఫీజులు కట్టనోళ్ల ఇండ్ల సుట్టు తిరిగిన. నువ్వేమో నా ఇంట్ల, నా పక్కన పండుకునే పిల్లవు. వచ్చుడు వచ్చుడే నన్ను దాటిపోతవంటే కడుపుల ఏదో మండింది. ఇరవై ఆరు అని నోట్లకెల్లి వచ్చేసింది. వచ్చినంక మళ్ల మింగలేకపోయిన."

"అన్నం పెట్టినవ్ కదా అక్కా నాకు. నాలుగు నెల్లు పెట్టినవ్."

"అను. ఇంకా అను. మొదటి జీతం తోని నాకు చీర తెచ్చినవ్ చూడు, నేను కట్టంగ ఎన్నడన్న చూసినవా? బీరువ తలుపు తీస్తే అదే కనిపిస్తది. మళ్ల మూస్త."

"నువ్వెందుకు అడగలే సార్‌ను? ఇన్నేండ్లాయె కదా."

"అడిగిన, ఒక్కసారి. ఏందమ్మా అమలా, నువ్వు మా ఇంటి మనిషివి కదా అన్నడు. ఇంటి మనిషి పైసలడుగుడేంది అని నాకే సిగ్గయింది. మళ్ల నోరు తెరువలే."

"నాతోని సుత అన్నడు, గా మాట."

"ఎప్పుడు? ఏడ్వకే. అందరు చూస్తున్నరు. ఇగో, రేపు పొద్దుగాల నేను నీతోని వస్త. తప్పు నాది సార్, ఆ పిల్లకు ఇస్తా అన్నది ఇయ్యిండ్రి అని ఆయన ముంగటనే చెప్త. ఏమన్న అననీ."

"వద్దక్కా."

"ఎందుకొద్దు?"

"మధ్యాహ్నమే పోయిన. ఒక్కదాన్నే. రత్నాకర్ సార్‌కు ఇచ్చినంత నాకు ఇయ్యాలె అన్న."

"అమ్మో! ఏమన్నడు?"

"ఇస్తా అన్నడు."

"అబ్బ, బతికించినవ్ తల్లీ! నా గుండెల మీది బండ దిగింది. మరి నవ్వక ఏడుస్తవేందే పిచ్చిదానా?"

"ఊకెనే ఇస్తా అనలే. నీకు పెంచాలంటే పైసలు యాడికెల్లి తేవాలె అన్నడు. ఆఫీసు పని, అడ్మిషన్ల పని సుత నువ్వే చూసుకో, వచ్చే నెల సంది అమలను రావద్దని చెప్త అన్నడు."

"నన్నా?"

"నీ తప్పు నీ నోట ఇంటే నాకు బాధ ఉండదనుకున్న అక్కా. గందుకే గింతసేపు అడిగిన."

"జ్యోతీ. సార్‌కు నువ్వేం చెప్పినవ్?"

"సరే అన్న."