జేబులో మిగిలిన గింజ

చొక్కా జేబులో గింజలు వేసుకోవద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానండీ? విన్నారా? "కవర్లో వేస్తే చెమట పట్టి కుళ్ళిపోతాయే, జేబులో అయితే ఊపిరాడుతుంది" అంటూ నాకే పాఠం చెప్పేవారు. ఉతికేదాన్ని నేను కదా, మీకేం!

చివరికేమైంది? కొండ మీద ఆ జాతిలో మిగిలిన ఒక్కగానొక్క చెట్టు దగ్గరికెళ్ళి గింజలు ఏరుకున్నారు. తిరుగు బస్సులో, కూర్చున్న సీట్లోనే తల వాల్చేశారు. ఆసుపత్రి వాళ్ళు నా చేతికి మీ చొక్కా ఇచ్చారు. జేబు నిండా గింజలు.

మీ మొక్కల నర్సరీలో పనిచేసే అమ్మాయి పరామర్శకొచ్చింది. నాతోపాటు ఏడ్చింది. లేచేముందు నీళ్ళు నమిలింది. "అమ్మా, తప్పుగా అనుకోకండి... ఆ గింజలు ఎండిపోతే ఇక మొలవవు" అంది. పాపం, కాదని ఎలా అంటాను? పెళ్ళైన కొత్తలో ఆ చెట్టు పూత చూపిస్తానని నన్ను కొండెక్కించారు, గుర్తుందా? మీరు పూలు చూడమంటే నేను చెప్పు తెగిందని సణుగుతూ కూర్చున్నాను.

ఇచ్చేశాను. ఒక్కటి తప్ప.

అలా చూడకండి! జేబులో ఏమీ లేకపోతే అది వట్టి గుడ్డ అయిపోదూ?

నిన్న ఆ పిల్ల ఫోన్ చేసింది. ట్రేలలో నాటినవన్నీ బూజు పట్టి పోయాయట. మొన్నటి గాలివానకి ఆ చెట్టూ కూలిపోయిందట. "ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. "లేవు తల్లీ" అన్నాను. దీపం ముందు కూర్చుని మరీ! నాలుక ఎలా తిరిగిందో.

పొద్దున కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటే దేవుడు కనబడడే! మీరే కనబడ్డారు. "దాచావా, చంపుతున్నావా?" అన్నట్టు ఆ నవ్వొకటి.

ఇదిగో, మీరు చేసినట్టే గోరువెచ్చని నీళ్ళలో వేశాను. తేలితే తాలు, మునిగితే ప్రాణముంది అనేవారుగా. చూడండి... మునిగింది. మునిగిందండీ!

ఆ పిల్లకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేశాను. తిట్టినా బాగుండేది. "దాన్ని కదపకండమ్మా, వచ్చేస్తున్నా" అంది, అంతే. అదిగో, గేటు చప్పుడు.

ఇక మీ జేబు ఖాళీ. చొక్కా ఉతికేయమంటారా?

ఉతకను. గింజ లోకానికిచ్చాను, చాలదూ? ఆ చెమట వాసన నాది.