చివరి గీత

మిస్సోరీ కొండల్లో ఒక చిన్న ఊరు. నవంబరు, బుధవారం మధ్యాహ్నం. తుపాకులు బాగుచేసే కొట్టు. బల్లకు ఇవతల కొట్టు యజమాని డెల్మర్ స్టైల్స్, డెబ్భై ఒకటి. అవతల నడీన్ ప్రూయిట్, యాభై తొమ్మిది. మధ్యలో ఒక రివాల్వర్.

"మూడు వారాలా? పిడి మీద నాలుగు గీతలు గీయమన్నాను డెల్మర్. చర్చి కట్టమనలేదు."

"నాలుగు కాదు నడీన్. అంగుళానికి పద్ధెనిమిది. అటు పద్ధెనిమిది, వాటి మీద అడ్డంగా ఇటు పద్ధెనిమిది. ఒక్క గీత తప్పిందంటే మొత్తం అరగదీసి మళ్ళీ మొదటికి రావాలి."

"నాకు శుక్రవారానికి కావాలి."

"శనివారం నుంచి జింకల వేట సీజను. ఊళ్ళో మగాళ్ళందరి తుపాకులూ నా నెత్తి మీదే ఉన్నాయి. అదిగో, ఆ వరస చూడు."

"పోయినేడు ఎర్నీకి ఒక్కరోజులో చేసిచ్చావట. వాడే చెప్పాడు."

"ఎర్నీ వాగుతాడు."

"డెల్మర్."

"సరే, రోజున్నర. అయినా నీకెందుకిది? హోలిస్ బతికున్నన్నాళ్ళూ నువ్వు దీన్ని ముట్టుకోలేదు. బీరువా తుడవాల్సొస్తే ముందు ఆయన్నొచ్చి తియ్యమనేదానివి."

"ఆయన లేడుగా. ఇప్పుడు నేనే ముట్టుకుంటున్నాను. జారిపోతోంది. మొన్న కొట్టం వెనక పెయింటు డబ్బా పెట్టి ఆరుసార్లు పేల్చాను. పేల్చినప్పుడల్లా చేతిలో గిర్రున తిరుగుతోంది. రెండో గుండు కొట్టం కప్పుకి తగిలింది. వానొచ్చి చెయ్యి తడిసిందంటే ఇంక చెప్పక్కర్లేదు."

"జారదా మరి. అంత నున్నగా చేసింది నీ మొగుడే. ప్రతి చలికాలం అవిసె నూనె పెట్టి రుద్దేవాడు. గీతలు గీద్దాం హోలిస్, పట్టు దొరుకుతుంది అంటే, మంచి చెక్కకి ఆ దరిద్రం ఎందుకు అనేవాడు."

"అనేవాడు."

"ఇది చూశావా? ఇక్కడ, బొటనవేలు ఆనే చోట. చిన్న గుంట. ముప్ఫై ఏళ్ళు పట్టుకుంటే పడింది. నేను గీత మొదలుపెట్టానంటే ముందు పోయేది ఇదే."

"పోనీ."

"మళ్ళీ రాదు."

"పోనీ అన్నాగా. ఆయనే పోయాడు, గుంటెందుకు? గియ్యి."

"అలా అయితే చేతులకి సుద్ద రాసుకో. ఇందా. రెండు చేతులకీ. గుండ్లేమీ లేవు, ఇదిగో, చూసుకో. ఇప్పుడు నీకెలా వీలైతే అలా పట్టుకుని, ఆ గోడ వైపు గురిపెట్టు. సుద్ద ఎక్కడ అంటితే అక్కడ గరుకు చేస్తాను."

"ఇలాగా?"

"ఊఁ. ఎదురుగా జింక ఉందనుకో. నలభై అడుగుల్లో ఉంది. ఎత్తు. అలాగే ఉంచు. కదలకు."

"ఎంతసేపు? బరువుగా ఉంది."

"నడీన్, జింక గుండె ఎంత ఎత్తులో ఉంటుంది?"

"నాకేం తెలుసు. ఇంతలో."

"నీ నడుం దగ్గరుంటుంది. నువ్వు నీ గడ్డం ఎత్తుకి ఎత్తావు. నీకంటే పొడుగు మనిషి గుండెకి పెట్టావు గురి."

"ఏదో ఎత్తాను. అలవాటు లేదుగా."

"మీ కంచె అవతలి క్లియన్ బాస్కెట్ ఆరడుగుల రెండంగుళాలు."

"చెయ్యి నొప్పెడుతోంది. దించనా?"

"దించు. కూర్చో. కాఫీ తాగుతావా?"

"వద్దు. నీ కాఫీ నీ తుపాకులకి పొయ్యి, తుప్పు వదుల్తుంది."

"నడీన్, శనివారం ఎక్కడికెళ్తున్నావు?"

"అడవికి. అందరూ వెళ్ళేదే. లైసెన్సు తీసుకున్నాను. వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు జాకెట్టు కొన్నాను. నీకు చూపించాలా?"

"క్లియన్ ఎక్కడుంటాడు శనివారం?"

"ప్రతేడూ ఉండే చోటే. వాగు పక్కన, మా కంచె అవతల. పోయినేడు ఎక్కణ్ణుంచి పేల్చాడో అక్కడే. సిగ్గన్నది ఉంటే చోటన్నా మార్చేవాడు."

"దాన్ని ప్రమాదం అన్నారు కోర్టులో."

"అన్నారు. పన్నెండు మంది జూరీ కూర్చుని, ఇరవై నిమిషాలు మాట్లాడుకుని, ప్రమాదం అన్నారు. జింకనుకున్నాడట. హోలిస్ వంటి మీద నారింజ రంగు జాకెట్టుంది, నెత్తిన నారింజ రంగు టోపీ ఉంది. నువ్వు నారింజ రంగు జింకని ఎప్పుడన్నా చూశావా డెల్మర్?"

"లేదు."

"కంచె గొడవలో ఏడాదంతా మొహమొహాలు చూసుకోలేదు వాళ్ళిద్దరూ. అది ఒక్కరూ అడగలేదు. సరే, ప్రమాదమే. నేనూ అదే మాట చెబుతాను. వాడు బోనులో నిలబడి చెప్పిన మాటలు నాకు నోటికొచ్చు. ఆకులు కదిలాయండి, మంచు పట్టుందండి, జింకనుకున్నానండి. అదే ఏడుపు ఏడుస్తాను. అదే రుమాలు తీస్తాను. నన్నూ వదిలేస్తారు."

"వదలకపోతే?"

"వదలకపోతే వదలరు."

"ఊఁ."

"ఏంటి ఊఁ? నీకింకోటి చెప్పనా? ఎవరికీ చెప్పలేదిది. హోలిస్ అక్కడ పడున్నాడు. అంబులెన్సొచ్చింది, షెరీఫొచ్చాడు, క్లియన్ని ప్రశ్నలడిగి ఇంటికి పంపాడు. మర్నాడు పొద్దున వాడు మళ్ళీ అడవికెళ్ళాడు. జింకని కొట్టాడు. దాని కొమ్ములు బార్బర్ షాపులో తగిలించారు, నువ్వూ చూసుంటావు."

"చూశాను."

"ఆ జింక మాంసంతో సాసేజీలు చేసి, రెండు పౌండ్లు నాకు పంపాడు. కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి. ఇరుగుపొరుగు అన్నాక పంచుకోవాలిగా. పైన 'బాధలో మీ వెంటే' అని రాసుంది. ఫ్రీజర్లో ఇంకా ఉంది డెల్మర్. పారెయ్యలేదు. రోజూ తలుపు తీసి చూస్తాను."

"ఎందుకు?"

"మర్చిపోకుండా. ఏం, బోధ చెయ్యవా? పాస్టరు చేశాడు. మా చెల్లెలు చేసింది. క్షమించు, క్షమించు అని చెవిలో జోరీగలా ఇద్దరూ. నువ్వూ అను, ఆ ముచ్చటా తీరిపోతుంది."

"నేననను."

"గీస్తావా లేదా? లేదంటే స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్తాను. అక్కడ అడక్కుండా గీస్తారు."

"గీస్తాను. తొందరపడకు. ఆ పక్కది ముట్టుకోకు."

"ఏది? ఈ చెక్కలా? ఎవరివివి? ఇంత పల్చగా ఉన్నాయి. బిస్కెట్లలా."

"పక్కన పెట్టు."

"గీతలు బలే వచ్చాయి. ఒక మూల మాత్రం మిగిలింది. ఇది పూర్తి చేసి ఇచ్చెయ్యొచ్చుగా, పాపం ఎవరో ఎదురుచూస్తుంటారు."

"ఎవరూ ఎదురుచూడట్లేదు. పక్కన పెట్టు నడీన్."

"ఎవరివో చెప్పు, పెడతాను."

"నావి."

"నీవా? నీ పిస్తోలువా? పదకొండేళ్ళుగా దానికి పిడి లేదు. మేకుకి ఉత్త ఇనుప ముక్క వేలాడుతోంది. హోలిస్ నవ్వేవాడు, అందరి తుపాకులూ బాగుచేస్తాడు, సొంతదానికి చెక్క బిగించుకోలేడు అని."

"ఎన్నేళ్ళన్నావు?"

"పదకొండు. మీ ట్రూడీ పోయిన... డెల్మర్."

"కిటికీలోంచి చూడు. రోడ్డుకి అవతల ఎవరున్నారు?"

"లోయల్ గ్రిమ్. తేనె సీసాలు సర్దుకుంటున్నాడు."

"తాగి బండి నడిపి నా కూతుర్ని కాలవలోకి నెట్టేశాడు. నాలుగేళ్ళు లోపలుండి వచ్చాడు. ఎక్కడా చోటు లేనట్టు సరిగ్గా నా ఎదురుగా తేనె కొట్టు పెట్టాడు. రోజూ పొద్దున చెయ్యూపుతాడు. నేనూ ఊపుతాను."

"అందరం అనుకున్నాం, నువ్వు క్షమించేశావని. పాస్టరు నీ పేరు చెప్పే నన్ను చంపుతున్నాడు."

"పాస్టరు నా బల్ల మీదున్నది చూళ్ళేదు. ట్రూడీ పోయిన నెలకి ఆ చెక్కలు విప్పాను. నీలాగే. జారకూడదు, ఒక్క గుండుకే అయిపోవాలి అనుకున్నాను. గీతలు మొదలెట్టాను. చివరి గీత దాకా వచ్చాను. అది గీస్తే చెక్క బిగించాలి. బిగిస్తే వాడింటికి వెళ్ళాలి, అప్పటికి వాడింకా బెయిలు మీద బయటే ఉన్నాడు."

"వెళ్ళలేదు."

"గీత తప్పింది."

"నీకా? కళ్ళు మూసుకుని గీస్తావు నువ్వు."

"తప్పించాను. తప్పితే మళ్ళీ మొదటికి రావాలి కదా. అరగదీశాను. మళ్ళీ మొదలెట్టాను. వాడు జైల్లో ఉన్నప్పుడూ గీశాను, వచ్చాకా గీస్తున్నాను. ఎన్నిసార్లయిందో లెక్కలేదు."

"వాడి మీద జాలా?"

"జాలా? గీస్తున్నంతసేపూ వాణ్ణి చంపుతూనే ఉంటాను నడీన్. ఒక్కో గీతకీ ఒకసారి. పదకొండేళ్ళుగా మధ్యాహ్నం భోంచేసి కూర్చుని చంపుతున్నాను. రోడ్డు దాటితే ఒక్కసారే చస్తాడు. తర్వాత నేనేం చేసుకోను? నాకు చాలదది. ఇది తప్పని నాకు తెలుసు. నిన్ను ఆపడానికీ చెప్పట్లేదు. నీ సుద్ద గుర్తులున్నాయి, పిడి ఇక్కడుంది, అడిగావు కాబట్టి గీస్తాను. కానీ నా చెక్క అయిపోవచ్చింది. ఇంకొక్కసారి అరగదీస్తే వెలుతురు కనిపిస్తుంది. ఈ సారి చివరి గీత తప్పించలేను. అందుకే ఆ మూల మూడు నెలలుగా వదిలేశాను."

"కొత్త చెక్క కొనుక్కోవచ్చుగా."

"కొన్న చెక్క మీద చెయ్యాడదు. ఇది ట్రూడీ చిన్నప్పుడు ఎక్కిన చెట్టుది."

"అలాగా."

"అలాగే. ఏంటి, రివాల్వర్ సంచిలో పెడుతున్నావు?"

"దీని మీద గీయొద్దు. ఆ గుంట అలాగే ఉండనీ."

"ఇందాక పోనీ అన్నావు."

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. నాకు వేరే పిడి చెయ్యాలి నువ్వు. కాదు, నువ్వు కాదు. గీయడం నాకు నేర్పు. శనివారం తెల్లారి ఐదింటికి వస్తాను, తలుపు తీసుంచు."

"శనివారమా? సీజను మొదటి రోజు. క్లియన్ వాగు దగ్గరుంటాడు."

"ఉండనీ."

"చెక్కేది మరి?"

"మా గట్టు మీద పిడుగు పడ్డ అక్రోటు చెట్టుని హోలిస్ కోయించాడు. ఆరేళ్ళుగా కొట్టంలో ఆరుతోంది. పలకలు నీ అంత ఎత్తున్నాయి. నీ ట్రూడీ చెట్టు కాదు గానీ, మా ఆయన చెయ్యి పడ్డదే, నీ చెయ్యి ఆడుతుంది."

"ఎంతుంటుంది?"

"మనిద్దరికీ సరిపోతుంది డెల్మర్. వాళ్ళిద్దరూ ముసలాళ్ళయి, మంచాన పడి, వాళ్ళంతట వాళ్ళే పోయేదాకా."