విమానం రెక్క మీద గొల్లభామ

"చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్ సుమిత్ర చెల్లే," అన్నడు మగ్గం నేసే రాజమల్లయ్య, చాయ్ హోటల్ బల్ల మీద కూసుంట. "అమెరికా ముచ్చట చెప్తున్న. జావేద్, ఆటో పక్కకు పెట్టి గీడ కూసో బిడ్డా.

ఎండకాలంల నాకు ఫోనొచ్చింది. ఎవలూ? అమెరికాల పాత మిలిటరీ విమానాల మ్యూజియమోల్లు! నూరేండ్ల కింద వాళ్ల ఫౌజుకు మొదలొచ్చిన విమానాలు ఇనుపవి కావురా, కట్టెపుల్లలు, నూలుగుడ్డ. ఆ రెక్కల గుడ్డ చీకిపోయిందట. 'గీ చరిత్ర మట్టిల కలిస్తే మా పిల్లలకు ఏం చూపియ్యాలె మల్లయ్య గారూ' అని ఒకటే ఏడుపు. సాదా తెల్లగుడ్డ నేసియ్యమన్నరు. నేసిన. కానీ పుట్టి బుద్ధెరిగినసంది గొల్లభామ చీరలు నేసిన చెయ్యి, ఊకుంటదా? కొసకు నెత్తి మీద కుండతోని ఒక గొల్లభామ బొమ్మ దిగింది."

"నిజంగనా కాకా?" అన్నడు జావేద్.

"నీ తోడురా! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గుడ్డ రెక్కకు ఎక్కిచ్చిన్రో లేదో, పెట్రోల్ చుక్క లేని విమానం గుర్రుమన్నది! అద్దాలు పలగ్గొట్టుకోని పైకి లేసింది. కావలున్న వాచ్‌మన్ రెక్క పట్టుకోని ఏలాడిండు. సముద్రం మీదికొచ్చేసరికి ఆయనకు దూప. ఏం చెయ్యాలె? గొల్లభామ కుండ వంచి సల్ల పోసింది."

"సల్లనా!"

"మరి ఉప్పునీళ్లు తాగుతడారా? పల్టీల మీద పల్టీలు కొట్టింది విమానం, కుండల సల్ల చుక్క కింద పడితే ఒట్టు! సక్కగ వచ్చి మన చంద్లాపూర్ కాడ రంగనాయక సాగర్ నీళ్లల్ల దిగింది. గొల్లభామకు పుట్టింటి మీద పానం కొట్టుకున్నది మరి. నేనే పోయి, 'తిరిగి పో బిడ్డా, వాళ్ల చరిత్ర ఆగమైతది' అని బతిమిలాడి పంపిన. ఇప్పుడు ఆ దేశమంత లైన్ కట్టి..."

"మల్లన్నా, జర పైకి చూడు," అన్నది పొయ్యికాడికెళ్లి సుమిత్రమ్మ.

హోటల్ ముంగట నీడకు కట్టిన తెల్లగుడ్డ. దాని కొసకు, నెత్తి మీద కుండతోని, గొల్లభామ.

"గది అమెరికాకెళ్లి గీడ ఎప్పుడు దిగిందే? సాదాది అడిగితే బొమ్మేసినవని వాళ్లు వాపసు పంపిరి. నువ్వు తెచ్చి నాకు నీడకు ఇస్తివి. మళ్ల అడుగుతరేమోనని నెలసంది ఫోన్ చేతులకెళ్లి ఇడుస్తలేవు. మగ్గం చూస్తే ఖాళీ."

రాజమల్లయ్య తలకాయ వంచుకున్నడు. జావేద్‌కు పాపమనిపించింది. ఇంతల ఫోన్ మోగింది. తొందరల నొక్కితే స్పీకర్ ఆన్ అయింది.

"మల్లయ్య గారూ, హైదరాబాద్ నుంచి ఉజ్వలను. మ్యూజియం వాళ్ల తరఫున, ఆ రెక్కల గుడ్డ గురించి. వేరేచోట నేయించినవి ఏవీ ఆ పాత గుడ్డతో కలవలేదండీ. మీ నేత ఒక్కటే అచ్చం దానిలా ఉంది. మళ్లీ నేసిస్తారా? ఈసారి బొమ్మ మాత్రం వద్దు."

"ఉండది మేడం. సాదానే మేడం. పానం పెట్టి నేస్త."

ఫోన్ జేబుల పెట్టుకోని కండువతోని కండ్లు తుడుచుకున్నడు. సుమిత్రమ్మ చల్లారిన చాయ్ పారబోసి, చక్కెర ఎక్కువేసి ఇంకోటి చేతికిచ్చింది.

"సంతోషమే అన్నా. కానీ సముద్రం మీద ఆ వాచ్‌మన్‌కు ఈసారి సల్ల ఎవలు పోస్తరే?"