కట్ట మీద మా బ్యాండు మోగిన రోజు

“అమ్మమ్మా, నువ్వూ నాలాగే స్కూల్లో డ్రమ్ము వాయించేదానివటగా? అమ్మ చెప్పింది. పోటీలక్కూడా వెళ్లావంట?”

వాయించక! ఇలా వచ్చి కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా గొంతు నాకే వినపడట్లేదు. బందరులో మిషన్ స్కూలు హాస్టల్లో ఉండేదాన్ని కదా, అప్పుడు. సైడు డ్రమ్ము నాది. మెడలో పట్టీ వేసుకుని రోజంతా వాయిస్తే తొడకి తగిలి తగిలి, ఇదిగో ఇక్కడ, నల్లగా కమిలిపోయేది. ఎవరు కొట్టారే నిన్నని మా అమ్మ ఏడ్చింది ఒకసారి. పెద్ద డ్రమ్ము విమలది. విమలంటే, మొన్న పామర్రులో పెళ్లికొచ్చి నీ బుగ్గ గిల్లిందే, పొడుగ్గా, ఆవిడ. మా బ్యాండు మాస్టారు జోసెఫ్ గారు. ఏటా స్కూళ్లన్నిటికీ బందరులో పోటీ పెట్టేవాళ్లు. వాయిస్తే చాలదు, వరస చెడకుండా నడవాలి, మలుపు తిరగాలి, అడుగూ దెబ్బా ఒక్కటై పడాలి. గుడివాడ వాళ్లు గట్టివాళ్లు. మీ స్కూలు కాదులే, వేరేది.

ఆ ఏడు... ఉప్పెన వచ్చిన మరుసటేడు, కాదు కాదు, ఇంకా తరవాత. అప్పటికి ఊరూరా తుపాను షెల్టర్లు కట్టేశారు. దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రం వైపు ఒక ఊళ్లో కొత్త చర్చి తెరుస్తున్నాం, మీ పిల్లల బ్యాండు పంపండీ అని అక్కడి పాస్టరు గారు అడిగారు. పోటీ ముందర రోడ్డు మీద నడిచినట్టూ ఉంటుంది, పదండమ్మా అన్నారు మాస్టారు. పొద్దున్నే లారీలో బయల్దేరాం. పులిగడ్డ దాటేదాకా పాటలే పాటలు. ఇంకా కిందికి వెళ్లాక ఎవరూ పాడలా. తాడిచెట్లకి తలల్లేవు. ఇళ్లు కొట్టుకుపోయిన చోట అరుగులు మాత్రం మిగిలాయి, పొలాల మధ్యలో, ఎక్కే మెట్లతో సహా. ఎక్కితే ఎక్కడికెళ్తాం?

ఊరికి కాస్త ఇవతల కరకట్ట దగ్గర లారీ ఆపించి, ఇక్కణ్నుంచి వాయించుకుంటూ వెళ్దాం అన్నారు మాస్టారు. మబ్బు పట్టి ఉంది. ఆకు కదలట్లేదు, ఒకటే ఉక్క. మొదలెట్టాం.

ఊళ్లోకొచ్చేసరికి జనం బయటికొస్తున్నారు. మమ్మల్ని చూట్టానికే అనుకుని నవ్వాను కూడా. మమ్మల్నెవరూ చూడలేదే! ఒకావిడ పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి, చంటిదాన్ని చంకనేసుకుని వచ్చేసింది. ఒకాయన గేదె పలుపు కోసేశాడు. ఇంకొకాయన వీపు మీద వాళ్లమ్మని మోసుకొస్తున్నాడు. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. మమ్మల్ని దాటుకుని అందరూ ఒకే వైపు వెళ్తున్నారు. షెల్టరు వైపు.

మాస్టారికి అర్థమయ్యేసరికి షెల్టరు మెట్ల దగ్గరున్నాం. ఆపమని చెయ్యెత్తారు. మేం ఆపగానే మెట్ల మీద జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు, బొమ్మల్లా. ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, “ఆపారేంటండీ? నీళ్లొచ్చేశాయా?” అన్నాడు.

“నీళ్లేంటండీ? చర్చి కోసం వచ్చాం. బ్యాండు వాళ్లం,” అన్నారు మాస్టారు.

ఉప్పెన తరవాత, డప్పు గానీ డ్రమ్ము గానీ మోగితే ఉన్నపళంగా షెల్టరెక్కాలని ఆ ఊళ్లో కట్టుబాటట. బ్యాండు వస్తోందని ఊరికి చెప్పాల్సిన పాస్టరు గారేమో మైకు సెట్టు కోసం అవనిగడ్డ వెళ్లి ఇంకా రాలా. సంగతి తెలిసి కొందరు కూలబడ్డారు, ఒకావిడ నవ్వబోయి ఏడ్చేసింది. దిగుదామని కదులుతున్నారు. అప్పుడు పైనుంచి, డాబా మీంచి కేక.

“ఆపకండి! ఇంకా వచ్చేవాళ్లున్నారు!”

పిట్టగోడ పట్టుకుని ఒకావిడ సముద్రం వైపు చూస్తోంది. పెద్దాయన మాస్టారి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. “కోటమ్మండీ. ఉప్పెనలో ఇంటిల్లిపాదీ పోయారు. ఆ రాత్రి మా ఊళ్లో డప్పు మోగలేదండీ. కొట్టే ఆయనే ముందు పోయాడు. ఏమీ అనుకోకుండా కాసేపు వాయించండి.”

విమల చేతిలో పుల్ల జారిపోయింది. మాస్టారు నా వైపు చూశారు. “సుగుణా, నువ్వు వాయించమ్మా.”

ఒక్కదాన్నే వాయించాను. మామూలు నడక దెబ్బ. ఎదురుగా ఖాళీ పొలం. కోటమ్మ చేత్తో రమ్మంటోంది. “మెల్లిగా రండి. అత్తయ్యా, దాని చెయ్యి వదలకు. ఏమర్రా, కాస్త తప్పుకోండి, పిల్లలెక్కుతున్నారు!”

జనం తప్పుకున్నారే, అమ్మడూ! అందరూ గోడకి అతుక్కుపోయి సగం మెట్లు ఖాళీగా వదిలేశారు. ఒక పిల్లాడు ఆ ఖాళీలో కాలు పెట్టబోతే వాళ్ల నాన్న గబుక్కున వెనక్కి లాగాడు. ఆవిడ వంగి నన్ను చూసి, “నువ్వూ జరుగమ్మా, డ్రమ్ము తగుల్తోంది వాళ్లకి,” అంది.

నేనూ జరిగాను. ఆకు కదలట్లేదన్నానా? నా గౌను అంచు కదిలింది. చిన్న చేతులు పట్టుకుని వదిలేసినట్టు, ఒకటి, ఇంకోటి. నువ్వు నమ్మక్కర్లా. మీ తాతయ్య కూడా నమ్మలా.

ఎంతసేపో తెలీదు. ఆవిడే, “చాలమ్మా, అందరూ ఎక్కేశారు,” అంది. దిగొచ్చి కొంగుతో నా మొహం తుడిచి, “పోయినసారి మీరు రాలేదు,” అంది. కోపంగా కాదు. ఊరికే అడిగినట్టు.

పోటీయా? రెండో బహుమతి. కప్పు గుడివాడ వాళ్లకే. బాగానే వాయించాం. కానీ నడుస్తున్నంతసేపూ వెనకాల అడుగులు వినపడ్డాయి నాకు. ఆఖరి వరస మాదే, మా వెనక ఎవరూ లేరు. విమలా, నీకూ వినపడుతోందా అంటే, పెదవి కదపకుండా “వెనక్కి చూడకే” అంది. అంతే. ఇప్పటిదాకా మేమిద్దరం ఆ మాటెత్తలా.

తరవాతెప్పుడో ఆ ఊరి పెద్దాయన బందరొచ్చి మాస్టారికి దణ్ణం పెట్టి వెళ్లాడు. ఉప్పెన నాటి నుంచీ కోటమ్మ రాత్రైతే కట్ట మీదే కూర్చునేదట, ఎవరు పిలిచినా వచ్చేది కాదట. మేం వాయించిన రోజు నుంచీ ఇంట్లో పడుకుంటోందట. “ఇంకెందుకు, అందరూ పైనే ఉన్నారుగా,” అంటోందట. షెల్టరు పైన. రోజూ అన్నం మాత్రం ఎక్కువ వండి, పైకి తీసుకెళ్లి...

సర్లే, నీ ప్రాక్టీసు టైమైంది. వెళ్లు. బాగా వాయించు తల్లీ. నీ వెనకాల నడిచొచ్చేవాళ్లు ఎవరైనా సరే, చల్లగా ఉండాలి...