దీవించకు నాన్నా

ఉదయం. వంటగది. అమ్మ, నాన్న, బూట్ల లేసులు కట్టుకుంటున్న కూతురు.

"అది కాదు నాన్నా. నన్ను దీవించకు అంటున్నాను. అంతే."

"కన్నకూతురు పరీక్షకి వెళ్తుంటే దీవించకుండా ఉంటారా ఎవరైనా? నేను తండ్రినా, టికెట్లు తనిఖీ చేసేవాడినా?"

"నువ్వు బస్సు డ్రైవరువి. నీ దీవెన ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"ఏముంది దాంట్లో? 'చల్లగా ఉండు' అంటాను. అంతకంటే మంచి మాట ఉందా?"

"అదిగో, అనేశావు. అమ్మా, చూడు నా కాలు ఎలా వణుకుతోందో."

"ఏమండీ, పొద్దున్నే పిల్లని బెదరగొట్టకండి."

"నేనేం చేశానే? చల్లగా..."

"ఆ మాట మళ్ళీ అనకండి. పొయ్యి మీద పాలున్నాయి, విరిగిపోతాయి."

"బాగుంది. కోపం తగ్గించుకోకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వనని డాక్టరు అన్నాడా లేదా? అందుకేగా మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాను. చీకటితోనే లేస్తున్నాను. ప్రార్థన చేసుకుంటున్నాను. ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి..."

"ఆ బయటికి వదిలే ఊపిరికే మేమందరం లేస్తున్నాం."

"నవ్వకు. మందిరంలో పెద్దాయన ఏం చెప్పాడు? 'నోటిదాకా వచ్చిన తిట్టుని మింగకు నాయనా, మింగితే కడుపులో పుండవుతుంది. పెదవి దాటేలోపు దాన్ని దీవెనగా మార్చు. ముందు నోరు మారుతుంది, వెనకాలే మనసు వస్తుంది' అన్నాడు. దేవుడి ముందు మాటిచ్చాను. ఆ రోజు నుంచి నా నోట ఒక్క తిట్టు విన్నావా? చెప్పు."

"లేదు. దీవెనలే విన్నాను. నిన్న లైటరు వెలగలేదని లైటరుని దీవించారు. పక్కింటాయన మన గేటుకి అడ్డంగా బండి పెట్టాడని ఆయన్ని పిల్లాపాపలతో సహా దీవించారు. పళ్ళు నూరుతూ దీవించే మనిషిని మిమ్మల్నే చూశాను."

"మనసు వెనకాల వస్తుందన్నాడుగా. దారిలో ఉంది."

"మీ బస్సే ఎక్కుంటుంది. అందుకే ఇంకా రాలేదు."

"నా బీపీ తగ్గిందా లేదా? అది చెప్పు ముందు."

"తగ్గింది. ఎక్కడికీ పోలేదు లెండి, ఇంట్లోనే ఉంది. నాకొచ్చింది."

"మీ ఇద్దరూ కాసేపు ఆగుతారా? నాకు టైమవుతోంది."

"నువ్వే చెప్పవే మీ నాన్నకి. ఆయన బస్సులో కండక్టరు చెల్లెలి పెళ్ళిలో ఏం జరిగిందో చెప్పు."

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకా? కొత్త జంట కాళ్ళకి దండం పెడితే మీరు 'చల్లగా ఉండండి' అన్నారు. పాపం కండక్టరు తింటున్న పళ్ళెం పక్కన పెట్టేసి పరిగెత్తుకొచ్చాడు, 'అన్నా, మావల్ల ఏం తప్పు జరిగింది?' అంటూ."

"వాళ్ళని నేను నిజంగానే దీవించానే."

"అతనికెలా తెలుస్తుంది? అడ్డమొచ్చిన ప్రతి ఆటోనీ మీరు అదే మాటతో దీవిస్తుంటే రోజంతా వింటున్నాడు."

"నాది కూడా అదే బాధ నాన్నా. నాకు బస్సు నేర్పినప్పుడు ఏమన్నావు? క్లచ్ తొందరగా వదిలితే చల్లగా ఉండు. గేరు కీచుమంటే చల్లగా ఉండు. అద్దం చూసుకోకపోతే నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు. ఇప్పుడు ఆ మాట చెవిన పడితే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతోంది."

"బ్రేకు మీదకి పోతే మంచిదేగా తల్లీ. యాక్సిలేటరు మీదకి పోలేదు."

"పోయినసారి టెస్టులో బ్రేకు మీదకే పోయింది నాన్నా. అందుకేగా తప్పాను."

"అందుకా? ఏదో కంగారుపడ్డానన్నావుగా."

"నువ్వు బాధపడతావని అలా చెప్పాను. ఆఫీసరుగారు పక్క సీట్లో కూర్చున్నారు. అన్నీ బాగానే చేశాను. వెనక్కి తీస్తుంటే అక్కడ పెట్టిన డబ్బా ఒకటి తగిలింది. తగిలిందంతే, పడలేదు. ఆయన మెల్లగా 'చల్లగా ఉండమ్మా' అన్నారు. ఇంకేముంది, రెండు కాళ్ళతో బ్రేకు తొక్కేశాను. ఆయన కళ్ళద్దాలు ఊడిపోయి మెడలో వేలాడాయి."

"ఓరి దేవుడా. ఆ పెద్దమనిషి ధైర్యం చెప్పాడే. ప్రపంచంలో అందరూ నాలాంటివాళ్ళే అనుకుంటే ఎలా?"

"నా కాలికి తెలియదు కదా నాన్నా, ఎవరు ఎలాంటివాళ్ళో."

"చూశారా, మీ సాధన ఎవరి కాళ్ళకి చుట్టుకుందో? ఈసారి కూడా తప్పితే డిపోలో దీనికిస్తామన్న డ్రైవరు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. తెలుసుగా?"

"తెలుసు. తెలియకేం. రాత్రంతా అదే ఆలోచన నాకు. అందుకే సెలవు పెట్టి కూర్చున్నాను. నేనూ వస్తాను తల్లీ, దూరంగా నిలబడతాను."

"వద్దు నాన్నా. నువ్వు దూరంగా నిలబడి దీవిస్తావు. నాకు వినపడుతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"తిట్టు."

"ఏమిటీ?"

"ముందులాగా తిట్టు. చిన్నప్పుడు సైకిలు నేర్పినప్పుడు 'గాడిదా, ముందుకి చూడవే' అనేవాడివి. ఎన్నిసార్లు పడ్డా భయం వేసేది కాదు. గాడిదా అన్నావంటే వెనకాల సీటు పట్టుకుని పరిగెడుతున్నావని అర్థం. ఇప్పుడు నువ్వు తల్లీ అంటున్నావు, అమ్మా అంటున్నావు, చల్లగా ఉండమంటున్నావు. ఎవరో పరాయి మనిషి బస్సు నేర్పుతున్నట్టు ఉంది నాన్నా. ఒక్కసారి అను. అనిపించుకుని వెళ్తాను."

"మాటిచ్చానమ్మా. మనుషులకిచ్చిన మాటైతే అటూ ఇటూ చెయ్యొచ్చు. గాడిద అనే మాట ఇక నా నోట రాదు."

"ఇప్పుడే వచ్చింది."

"అది తిట్టు కాదు. జంతువు పేరు చెప్పాను."

"పోనీలే. వెళ్తాను. అమ్మా, నా ఫైలెక్కడ?"

"ఆగాగు. ఇందాక ఏమన్నావు? కళ్ళద్దాలు మెడలో వేలాడాయా?"

"ఆ, దారం కట్టుకుంటారు వాటికి."

"ఎర్రదారమా?"

"ఎర్రదే."

"కూర్చోగానే రుమాలు విప్పి మోకాళ్ళ మీద పరుచుకుంటాడా? మాట్లాడేముందు దగ్గుతాడా, బండి స్టార్టవుతున్నట్టు?"

"అచ్చం అలాగే. నీకెలా తెలుసు?"

"చచ్చాం. ఆయనేనే."

"ఎవరండీ?"

"మందిరంలో పెద్దాయన. నాకు దీవెన నేర్పినాయన."

"ఇన్నాళ్ళ నుంచీ వెళ్తున్నారు, ఆయన ఏం ఉద్యోగం చేస్తారో అడగలేదా?"

"చెప్పులతో పాటు ఉద్యోగాలు కూడా గుమ్మం బయటే వదిలి రావాలన్నాడు. ఒక్కసారి మాత్రం ఒక మాట అన్నాడు. 'నాది పక్కన కూర్చునే బతుకు నాయనా. చేతిలో స్టీరింగు ఉండదు, కాలి కింద బ్రేకు ఉండదు, ప్రాణం ఒక్కటే నాది. నోరు జారకుండా ఉండటానికే ఈ ఉపాయం కనిపెట్టుకున్నాను' అన్నాడు. నేను సంసారం గురించి చెప్తున్నాడనుకున్నాను."

"సంసారమా? దానికి మీరేమన్నారు?"

"ఏమంటాను. నిజమేనండీ అని తలూపాను."

"ఊపుతారు. మీ సంగతి సాయంత్రం చూస్తాను."

"నాన్నా, ఒక్క నిమిషం. అయితే ఆ రోజు ఆయన నాకు ధైర్యం చెప్పలేదన్నమాట."

"లేదు తల్లీ. తిట్టాడు. నీ కాలికి సరిగ్గానే అర్థమైంది."

"ఇప్పుడెలా? ఈ రోజు కూడా ఆయనే ఉంటారు. ఎక్కగానే దీవిస్తారు."

"దీవించనీ. విను. దీవెన వినపడితే బ్రేకు తొక్కకు. ఎక్కడో తప్పు చేశావని అర్థం, అంతే. అద్దం చూసుకో, వేగం చూసుకో, చక్రం ఎటుందో చూసుకో. తప్పు సరిచేసుకుని ముందుకి పో. కాలు వణికితే వణకనీ. వణికే కాలు కూడా చెప్పినమాట వింటుంది. నేను మొదటిరోజు బస్సు తీసినప్పుడు రెండూ వణికాయి, ఎవరికీ చెప్పలేదు."

"సరే నాన్నా. వస్తాను. అమ్మా, వస్తాను."

"జాగ్రత్తమ్మా. క్షేమంగా వెళ్ళి..."

"అమ్మా, నువ్వు కూడానా?"

"లేదు లేదు, ఏమీ అనట్లేదు. వెళ్ళు."

*

"వెళ్ళిపోయింది. గేటు కూడా వెయ్యలేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

"దానికొక్క మంచిమాట చెప్పి పంపలేకపోయానే. తిట్టడానికి నోరు లేదు, దీవించడానికి ముఖం లేదు. ఇదేం సాధన నాది?"

"బాధపడకండి. అయినా ఆ పెద్దాయన అందరినీ దీవిస్తూనే ఉంటారా? బాగా చేసినవాళ్ళని ఏమంటారు?"

"ఏమీ అనడు. మరీ మనసుకి నచ్చితే మాత్రం 'మొద్దూ' అంటాడు. మందిరం ఊడ్చే ముసలమ్మని అంటాడు. ఆయన మనవడిని అంటాడు. ఆ మాట అనిపించుకోవాలని ఎంతమంది కాచుకుని ఉంటారో."

"మిమ్మల్ని?"

"నన్నింకా దీవిస్తూనే ఉన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ, తలమీద చెయ్యి పెట్టి మరీ..."

"ఏమైందండీ? ఆగిపోయారు."

"ఏం లేదు. ఇప్పుడే అర్థమైంది."

*

మధ్యాహ్నం. నాన్న చేతిలో ఫోను.

"అమ్మ ఉందా పక్కన? స్పీకరు పెట్టు నాన్నా."

"పెట్టాను. ఏమైంది?"

"మొదట్నుంచీ చెప్పనీ. నేను ఎక్కి కూర్చోగానే ఆయన దగ్గి, 'చల్లగా ఉండమ్మా' అన్నారు. కాలు వణికింది. నువ్వు చెప్పినట్టు చూసుకున్నాను. అద్దం పక్కకి తిరిగి ఉంది. సరిచేశాను. మలుపు దగ్గర మళ్ళీ అన్నారు. వేగం తగ్గించాను."

"కాలు బ్రేకు మీదకి పోయిందా?"

"పోబోయింది. వద్దని చెప్పాను. విన్నది."

"భేష్. వెనక్కి తీసేటప్పుడు?"

"ఏమీ అనలేదు. దగ్గలేదు కూడా. డబ్బాల మధ్య నుంచి మెల్లగా తీసి ఆపాను. ఒక్కటీ తగల్లేదు."

"అయితే పాసేనా తల్లీ? చెప్పవే, మీ నాన్న ఇక్కడ కుర్చీ విరగ్గొడుతున్నారు."

"తెలీదమ్మా. ఫలితం సాయంత్రం చెప్తారట. ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాను, ఎలా చేశానండీ అని. అడగకుండా ఉండాల్సింది."

"ఏం, దీవించాడా?"

"దీవించినా బాగుండేది నాన్నా. కళ్ళద్దాలు తీసి రుమాలుతో తుడుచుకున్నారు. నా వంక చూశారు. చూసి తిట్టారు. అంత పెద్దమనిషి, అందరి ముందూ. నాకు ఏడుపొచ్చేసింది."

"ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"'ఇంక చాలు, దిగవే మొద్దూ' అన్నారు. నాన్నా? ఉన్నావా?"

"ఉన్నారమ్మా. ఏమండీ, మాట్లాడరేం? పిల్ల అక్కడ ఏడుస్తుంటే మీరు నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?"

"నాన్నా, ఏదో ఒకటి అను."

"పాసయ్యావే, గాడిదా."