షార్డనే సీసా, బాబాయి ముక్కు

హోటల్ వెనక గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బాబాయిది. ఒకప్పుడు ఆ హోటల్లోనే తెల్లకోటు తొడుక్కుని బల్లల మధ్య తిరుగుతూ వైన్ పోసినవాడు. ఆ కోటు విప్పి ఏళ్లయినా, గేటు కిర్రుమంటే చాలు, ఆయన మెడ అటే తిరుగుతుంది.

ఆ మధ్యాహ్నం హోటల్ పెద్ద వంటాయన వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"సాయంత్రం విందుంది బాబాయ్. వైన్ పోసే అతనికి జ్వరం. షార్డనే సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బాబాయి గుండె గంతేసింది. అయినా పైకి తేలనివ్వకుండా గొంతు సవరించుకున్నాడు.

"ఎవరో ఎందుకయ్యా, నేను లేనూ! షార్డనే అంటే తెల్ల వైన్లలో కలుపుగోలు పిల్ల. ఏ ఇంట అడుగుపెడితే ఆ ఇంటి తీరు పట్టేస్తుంది. చల్లటి చోట పండితే పచ్చి ఆపిల్, నిమ్మ. ఎండ చోటైతే అనాస. ఓక్ చెక్క పీపాలో పడుకోబెట్టారా, వెన్నా వెనిల్లా!"

వంటాయన తలూపాడు. అక్కడితో ఆపేస్తే ఆయన బాబాయి ఎందుకవుతాడు?

"ఓసారి గ్లాసు వాసన చూసి, ఇది పీపాలో పడుకుని లేచిందని చెప్పేశాను. అదేం గొప్ప కాదులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు బిరడా తీయకుండానే చెప్పాను."

"తీయకుండానా?" అన్నాడు పక్క కొట్టు దర్జీ.

"బిరడా దాకా ఎందుకురా, అసలు సీసాయే పక్క ఊళ్లో ఉంది! ఫోన్లో ఒకాయన హలో అన్నాడు, నాకు గుప్పున వెన్న వాసన కొట్టింది. 'ఏమండీ, దానికి రొయ్యలొద్దు, మీగడలో ఉడికించిన కోడి పెట్టుకోండి. రొయ్యలూ, నిమ్మ పిండిన చేపా ఓక్ తగలని సీసాకి' అన్నాను. పాపం, ఫోన్లోనే భోరుమన్నాడు."

"ఎందుకు బాబాయ్?"

"అప్పటికే రొయ్య నోట్లో ఉందట!"

దర్జీకి టీ ముక్కులోకి పోయింది.

"నవ్వండి, నవ్వండి. ఇంకో విందులో నేను సీసా వంచానో లేదో, పళ్లెంలో వేయించిన చేప లేచి కూర్చుని నిమ్మచెక్క తనే పిండుకుంది. కారం కారంగా ఉన్న మటన్ మాత్రం, నన్ను పిలవలేదే అని అలిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. కారానికీ దీనికీ పడదు మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసన కిటికీలోంచి వీధిలోకీ, వీధిలోంచి ఊళ్లోకీ పోయి, కోళ్లన్నీ గేటు దగ్గర వరస కట్టాయి. ముందున్న పుంజు మెడ వంచి, 'అయ్యా, మేం వచ్చేశాం, మీగడ సిద్ధమేనా?' అంది!"

దర్జీ కడుపు పట్టుకుని బెంచీ మీద దొర్లాడు. బాబాయికి ఇక నేల కనబడటం లేదు. కళ్లు మూసుకుని, రెండు చేతులూ చాచి, గాలి గుండెల నిండా పీల్చాడు.

"ఈ ముక్కుకి అందని వాసన లోకంలో లేదు! ఇదిగో, ఇప్పుడు కూడా... ఆహా! వెన్న, కాల్చిన రొట్టె, లేతగా పొగ... లోపలెవరో పాత షార్డనే తెరిచారయ్యా!"

"బాబాయ్," అన్నాడు వంటాయన నెమ్మదిగా, "మీ వెనక పాలు మాడిపోతున్నాయి."

బెంచీ అంతా గొల్లుమంది. బాబాయి గిర్రున తిరిగాడు. గిన్నెలోంచి నల్లటి పొగ. తెల్లకోటు చేతిదాకా వచ్చి జారిపోయినట్టు ఆయన ముఖం ఒక్కసారి చిన్నబోయింది. గిన్నె దింపి, నడుం నిటారుగా పెట్టాడు.

"మాడనిచ్చింది నేనేనయ్యా! మీ ముక్కు పనిచేస్తోందో లేదో చూద్దామని!"

వంటాయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"చేపా, కోడీ సంగతి సరిగ్గానే చెప్పారు. సాయంత్రం వచ్చేయండి. పోయడం మీ వంతు, వాసన చూడటం నా వంతు."